నేడు నగదు, రేపు అరువు

మన ఊళ్ళ పచారీ కొట్లలో గల్లాపెట్టె పైన, లక్ష్మీదేవి పటానికి పక్కగా, ఒక అట్టముక్క వేలాడుతూ ఉండేది: "నేడు నగదు, రేపు అరువు". మర్నాడు వెళ్ళినా అదే అట్ట, అవే అక్షరాలు. పిల్లలకు అది చమత్కారం. పెద్దలకు అలవాటైపోయిన హాస్యం. నిజానికి ఆ అట్ట కింద కూర్చున్న శెట్టిగారే ఊళ్ళో సగం మందికి అరువు ఇచ్చేవారు. చవక దుకాణాల చరిత్ర చదువుతూ పోతే ఈ అట్టముక్క నాకు పదే పదే గుర్తుకు వస్తూ ఉంటుంది. సరుకు ధర తగ్గించిన ప్రతి తరం వర్తకుడూ మొట్టమొదట చేసిన పని అరువును నిజంగా రద్దు చెయ్యడమే.

ధర ఎలా తగ్గుతుందన్నది పైకి కనిపించినంత మర్మమైన విషయం కాదు. కొట్టువాడు సరుకు కొన్న వెలకు అద్దె, జీతాలు, ఎలకలూ పురుగులూ తిన్నది, పొట్లాల కాగితం, ఇంటికి చేర్చే కుర్రవాడి కూలి కలుపుతాడు. వీటితో బాటు ఇంకొకటి కూడా కలుపుతాడు. అది మొండిబాకీల ఖర్చు. పద్దు రాయించుకుని ఊరు విడిచి వెళ్ళిపోయినవాడి బాకీని, నగదు ఇచ్చి కొనేవాడు తనకు తెలియకుండానే తీరుస్తూ ఉంటాడు. అందుచేత "నా కొట్లో ధర తక్కువ" అని ఎవరైనా అంటే, వీటిలో ఏది మానివేశాడో చూడాలి. ఒక్కొక్కటిగా వీటిని మానుకుంటూ వచ్చిన కథే నేను చెప్పబోయేది.

బేరం సంగతి ముందు చెప్పి ముగిస్తాను. పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లనే మతశాఖవారు బేరమాడటం పాపమని నమ్మారు. పది అడిగి ఆరుకు ఇచ్చేవాడు మొదట పది అన్నప్పుడు అబద్ధమాడినట్టే గదా అని వారి తర్కం. అందరికీ ఒకే ధర అన్న పద్ధతి వారి అంగళ్ళలో అలా నిలబడింది. ఆ ధరకు వాణిజ్యపరమైన లాభం తరువాత తెలిసివచ్చింది. చిన్నపిల్లవాణ్ణి పంపించినా మోసపోడన్న నమ్మకం గల అంగడికి జనం తామే వస్తారు. పందొమ్మిదవ శతాబ్దపు పారిస్ నగరంలో బోన్ మార్షే వంటి పెద్ద అంగళ్ళు ఈ సూత్రం మీదే పెరిగాయి. మన దేశంలో బేరం ఇంకా బతికే ఉంది, ముఖ్యంగా కూరల దగ్గర. అయితే మనకు బేరం కంటె మధురమైన మాట ఒకటుంది: కొసరు. తూచినదాని మీద ఒక గుప్పెడు, కూరతో బాటు రెండు రెబ్బల కరివేపాకు. తగ్గింపు ధర అన్న భావానికి తెలుగులో ఇంతకన్నా పాత మాట నాకు తోచదు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఇంగ్లండులో మాంచెస్టరుకు దగ్గరగా రాచ్‌డేల్ అనే నేతపని ఊరు ఉంది. 1840ల నాటికి అక్కడ చేమగ్గాలు మరమగ్గాలకు ఓడిపోతున్నాయి. కూలి తగ్గింది. కూలి పెంచమని చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చేతికి వచ్చిన కొద్దిపాటి కూలితో కొనే తిండైనా సరైనది కాదు. పిండిలో పటిక, పాలలో నీళ్ళు, తేయాకులో వాడేసిన ఆకు కలిపే రోజులవి. ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1820లోనే ఆహార కల్తీల మీద పుస్తకం వ్రాసి లండను వర్తకులలో గగ్గోలు పుట్టించాడు. దీనికి తోడు కొన్ని మిల్లుల యజమానులు కూలికి బదులుగా తమ సొంత కొట్టులో సరుకు తీసుకోమనేవారు. 1831లో ఆ పద్ధతిని చట్టం నిషేధించింది గాని, అప్పు అదే పని చేసిపెట్టేది. కొట్టువాడికి బాకీపడ్డ నేతగాడు ముక్కిన పిండి ఇచ్చినా మారు మాట్లాడలేడు. వేరే కొట్టుకు వెళ్ళలేడు. ముందు బాకీ తీర్చాలి గదా.

ఆ ఊళ్ళో కొందరు నేతగాళ్ళు, ఇతర వృత్తుల వాళ్ళు కలిసి వారానికి రెండేసి పెన్నీలు చొప్పున కూడబెట్టారు. ఇరవై ఎనిమిది పౌన్ల మూలధనం సమకూడటానికి నెలల తరబడి పట్టింది. టోడ్ లేన్ అనే సందులో ఒక గిడ్డంగి కింది భాగాన్ని ఏడాదికి పది పౌన్ల అద్దెకు తీసుకుని, 1844 డిసెంబరు 21న, శనివారం రాత్రి, తలుపులు తెరిచారు. లోపల ఉన్నవి పిండి, వెన్న, చక్కెర, ఓటు పిండి, కాసిని కొవ్వొత్తులు. అంతే. అంగడి తెరుస్తారట అని తెలిసి వీధి కుర్రకారు ముందే గుమిగూడి వెక్కిరించారని, లోపలివాళ్ళు తలుపులు తీయడానికి కాసేపు సంకోచించారని, ఈ ఉద్యమ చరిత్రను తొలుత గ్రంథస్థం చేసిన జార్జ్ హోలియోక్ వ్రాశాడు.

రాచ్‌డేల్ వారి నియమాలలో నన్ను ఆశ్చర్యపరచినవి రెండు. మొదటిది, వారు ధర తగ్గించలేదు. ఊళ్ళో బజారు ధర ఎంతో అంతే తీసుకున్నారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం ఇచ్చి, ఖర్చులు పోగా మిగిలినదాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ దామాషాలో తిరిగి పంచారు. ఒకవిధంగా ఇది కొసరును పద్దులోకి ఎక్కించి, కాలం గడిచాక ముద్దగా చేతికివ్వడం. పేదవాడి చేతిలో వారానికి అరపెన్నీ మిగిలితే ఖర్చయిపోతుంది, మూడు నెలలకు ఒకసారి కొన్ని షిల్లింగులు వస్తే అది పొదుపు అవుతుందన్న లోకజ్ఞానం ఆ పద్ధతిలో ఉంది. రెండవది, అరువు లేదు. ఎంతటి సభ్యుడైనా నగదు ఇవ్వాల్సిందే. అప్పు మూలంగా కొట్టువాడికి బానిసలైనవారే అప్పును నిషేధించారు. ఆ నియమంలో ఆత్మగౌరవం ఉంది, కొంత కాఠిన్యమూ ఉంది. చేతిలో రెండు పెన్నీలు కూడా లేనివాడికి టోడ్ లేన్ అంగడిలో చోటు లేదు. అతడు పాత కొట్టుకే వెళ్ళాలి, ముక్కిన పిండే తెచ్చుకోవాలి. ఈ చిక్కు అప్పటినుంచి ఇప్పటివరకూ విడలేదు.

రాచ్‌డేల్ గాలి అరవై ఏళ్ళ తరువాత మద్రాసుకు వీచింది. 1904లో తిరువల్లిక్కేణిలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ పుట్టింది. మన దేశంలో తొలినాటి వినియోగదారుల సహకార సంఘాలలో దీనిదే పెద్ద పేరు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు మొదలైన నెలజీతాల మధ్యతరగతి దీనికి ఆధారం. అదే ఏట ప్రభుత్వం తెచ్చిన సహకార చట్టం కేవలం పరపతి సంఘాలకు ఉద్దేశించినది. అంటే అప్పులిచ్చే సంఘాలకు. సరుకులమ్మే సంఘాలకు చట్టంలో చోటు 1912లో గాని రాలేదు. రైతుకు అప్పు కావాలి, గుమాస్తాకు మంచి బియ్యం కావాలి. మన దొరలకు మొదటిది ముందు తట్టింది.

మా చిన్ననాటి ఇంటి సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. నెల మొదట మా అమ్మ చిట్టా చెబితే నేను వ్రాసేవాణ్ణి. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలో, చింతపండు అరకిలో, ఇంగువ చిన్న డబ్బా. చిట్టా కొట్టుకు వెళ్ళేది, సరుకు రిక్షాలో ఇంటికి వచ్చేది, వెల మా పేరున్న పొడుగాటి ఎర్రట్ట పుస్తకంలోకి ఎక్కేది. ధర ఎంతని మా అమ్మ అడగగా నేను ఎన్నడూ వినలేదు. ధర అడగకపోవడం ఆ అరువుకు వడ్డీ అన్నమాట. నాన్నగారికి జీతం ఆలస్యమైన నెలల్లో శెట్టిగారు పుస్తకం తెరిచి వ్రాసుకున్నారే గాని ముఖం చిట్లించలేదు. ఆ సౌజన్యానికి మేము పప్పు మీద ఎంత ఎక్కువ ఇచ్చామో ఇప్పుడు లెక్క కట్టలేను, కట్టాలని కూడా లేదు.

ఇక సముద్రం దాటి అమెరికాకు వెళ్దాం. అక్కడ కూడా 1916 వరకూ కిరాణా కొట్టు మన కొట్టు లాంటిదే. బల్లకు ఇవతల మీరు, అవతల గుమాస్తా. మీరు చెప్పాలి, అతడు తీసివ్వాలి. ఆ సెప్టెంబరులో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన "పిగ్లీ విగ్లీ" అనే వింత పేరుతో తెరిచిన అంగడిలో బల్ల తీసివేశాడు. తిరిగే గేటు గుండా లోపలికి వెళ్ళి, ధర అంటించిన సరుకుల మధ్య ఒకే దారిలో నడిచి, బుట్ట నింపుకుని, చివర డబ్బు చెల్లించి బయటపడాలి. ఈ ఏర్పాటుకు 1917లో పేటెంటు కూడా పొందాడు. గుమాస్తా పని కొనుగోలుదారు చేశాడు, ఆ జీతం ధరలో తగ్గింది. సాండర్స్ మహాశయుడు తరువాత తన కంపెనీ షేర్ల విషయంలో వాల్‌స్ట్రీటుతో తలపడి 1923లో కంపెనీనే పోగొట్టుకున్నాడు. అది వేరే కథ.

మహామాంద్యం వచ్చాక మరొక మెట్టు. మైకేల్ కల్లెన్ అనే ఆయన క్రోగర్ కిరాణా సంస్థలో ఉద్యోగి. ఊరి చివర, అద్దె తక్కువైన చోట, అతి పెద్ద అంగడి తెరవాలని సంస్థ అధ్యక్షుడికి ఒక ఉత్తరం వ్రాశాడు. అందులో లెక్క ఇలా ఉంది: మూడు వందల సరుకులు కొన్న వెలకే అమ్మాలి, రెండు వందలు 5 శాతం ఎక్కువకు, మూడు వందలు 15 శాతం, ఇంకొక మూడు వందలు 20 శాతం ఎక్కువకు. జవాబు రాలేదు. ఉద్యోగం మానివేసి, 1930 ఆగస్టు 4న న్యూయార్కు నగరపు క్వీన్స్ ప్రాంతంలో ఒక పాత గరాజులో "కింగ్ కల్లెన్" పేరిట తానే తెరిచాడు. పనులు లేని ఆ రోజుల్లో జనం మైళ్ళ దూరం నుంచి కార్లలో వచ్చారు. ఆ లెక్కను మరొకసారి చూడండి. మొదటి మూడు వందల సరుకులు గాలానికి గుచ్చిన ఎర. వాటి కోసం వచ్చినవాడు చివరి మూడు వందలలో ఏదో ఒకటి కొనకుండా పోడు. చక్కెర చవకగా ఇచ్చి షాంపూలో రాబట్టుకునే మన నేటి అంగళ్ళ విద్యకు మాతృక ఈ ఉత్తరమే. ఎర మాత్రమే కొని గాలాన్ని వదిలివెయ్యగల గృహిణులు ఉన్నారు. వారి ముందు కల్లెన్ లెక్క సాగదు.

ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో చక్రాల బండి కనిపెట్టాడు. చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి, మడత కుర్చీకి చక్రాలు తొడిగిన ఆలోచన అది. మొదట ఎవరూ తోయలేదట. మగవారికి నామోషీ, ఆడవారికి పిల్లల బండి గుర్తుకొచ్చింది. చివరికి జీతానికి మనుషులను పెట్టి అంగట్లో బండ్లు తోస్తూ తిరగమన్నాడు. ఆ తరువాత అందరూ తోశారు.

ఈ పరంపరలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ జర్మనీది. ఎస్సెన్ నగరపు గని కార్మికుల పేటలో అన్నా ఆల్బ్రెక్ట్ అనే ఆమె 1913లో చిన్న కొట్టు పెట్టింది. ఆమె కొడుకులు కార్ల్, థియో యుద్ధం నుంచి తిరిగివచ్చి 1946లో దానిని చేపట్టారు. చేతిలో పెట్టుబడి లేదు. 1948లో కొత్త మార్కు వచ్చింది, జనం చేతిలోనూ డబ్బు లేదు. అందుచేత కొద్ది రకాల సరుకు మాత్రమే తెచ్చి, పెట్టెలు విప్పకుండా పేర్చి అమ్మారు. డబ్బు చేరాక మిగతా అంగళ్ళ లాగే రకాలు పెంచాలన్నది వారి ఉద్దేశం. తీరా చూస్తే రకాలు లేకపోవడమే వ్యాపారానికి మేలు చేస్తున్నదని తేలింది. పేదరికం నుంచి పుట్టిన అలవాటును సిద్ధాంతంగా మలచుకున్నారు. ఒకే రకం ఆవాల డబ్బా లక్షలకొద్దీ కొంటే తయారీదారు దగ్గర దక్కే ధర, పది రకాలు వేలకొద్దీ కొంటే దక్కదు. అర వెతకనక్కరలేదు, సరుకు నిలవ ఉండదు, గుమాస్తాలు తక్కువ చాలు.

అప్పట్లో జర్మనీలో 3 శాతానికి మించి తగ్గింపు ఇవ్వరాదని 1933 నాటి చట్టం ఒకటి ఉండేది. మిగతా కొట్లు ఆ 3 శాతాన్ని చీటీల రూపంలో ఇచ్చి, పుస్తకంలో అంటించి నింపుకుని వస్తే డబ్బు ఇచ్చేవి. రాచ్‌డేల్ పద్ధతికి అది దూరపు చుట్టం. ఆల్బ్రెక్ట్ సోదరులు చీటీలు మానేసి ఆ మేరకు ధర ముందే తగ్గించారు. 1961లో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న వాదం వచ్చి అన్నదమ్ములు ఉత్తరం ఒకరు, దక్షిణం ఒకరు పంచుకున్నారు. ఆల్బ్రెక్ట్, డిస్కౌంట్ అన్న రెండు మాటల మొదళ్ళు కలిపిన "ఆల్దీ" అన్న పేరు 1962లో బోర్డు మీదికి ఎక్కింది. వారి పొదుపు వ్యాపారంతో ఆగలేదు. 1971లో థియోను దుండగులు ఎత్తుకుపోయి, పదిహేడు రోజులు దాచి, 70 లక్షల మార్కులు తీసుకుని విడిచిపెట్టారు. ఆయన బయటికి వచ్చాక ఆ సొమ్మును వ్యాపార ఖర్చు కింద చూపి పన్ను మినహాయింపు అడిగాడు!

1976లో ఆల్దీ అమెరికాలో అడుగుపెట్టింది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు దాని బండి సంగతి తెలిసే ఉంటుంది. పావలా డాలరు బిళ్ళ వేస్తే గాని గొలుసు ఊడదు. బండిని మళ్ళీ చోటుకు చేరిస్తేనే బిళ్ళ తిరిగి వస్తుంది. బండ్లు పోగుచేసే కుర్రవాడి జీతం కూడా అలా ధరలోంచి తీసివేశారు. సంచీ మనమే తెచ్చుకోవాలి. ఒక్కొక్క సదుపాయమే ఊడబెరికి, దాని వెల మన చేతిలో పెట్టిన అంగడి ఇది. కొసరు, పలకరింపు, కుశలప్రశ్న కూడా ఆ ఊడబెరికిన వాటిలోనే ఉన్నాయి.

స్వతంత్ర భారతంలో చవక అన్న మాట చాలాకాలం ప్రభుత్వం నోటనే వినిపించింది. యుద్ధకాలంలో మొదలైన రేషను ఆ తరువాత చౌకధరల దుకాణంగా స్థిరపడింది. 1966 జూనులో రూపాయి విలువ తగ్గించాక ధరలు మండిపోతుంటే జూలైలో ఢిల్లీలో సహకార రంగంలో సూపర్ బజార్ తెరిచారు. మన పట్టణాల్లో కూడా ఆ పేరుతో సహకార అంగళ్ళు వెలిశాయి. వీటిలో చాలావాటికి దుమ్ము పట్టిన అరలు, నిద్రకళ్ళ గుమాస్తాలు గుర్తులుగా మిగిలారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. దానిని వర్తకంలో భాగంగా చెప్పకూడదు. అక్కడ తేడా భరించినది ఖజానా. అయినా బీదవాడికి నిజంగా అందిన చవక మన నేల మీద ఏదైనా ఉన్నదంటే దానిని మించినది లేదని నా నమ్మకం. 1999లో వచ్చిన రైతు బజార్లది వేరే తోవ. దళారీని తొలగించి ఆ వాటాను అమ్మేవాడికీ కొనేవాడికీ పంచాలన్న ఆలోచన.

ప్రైవేటు రంగంలో హైదరాబాదుకు పెద్ద చోటే ఉంది. 1986లో ఇక్కడ మొదలైన త్రినేత్ర 2007లో బిర్లాల చేతికి వెళ్ళింది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి అంగళ్ళు తెరిచింది ఈ నగరంలోనే. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష అన్నిటికన్నా రాచ్‌డేల్ నిరాడంబరతకు దగ్గర. ఏసీ లేదు, తళుకు లేదు, అంగడి చిన్నది. అయితే పదకొండేళ్ళలో దాదాపు 1600 అంగళ్ళకు విస్తరించి, చేతిలో నగదు నిండుకుని, అద్దెలూ జీతాలూ చెల్లించలేక 2009లో మూతపడింది. కొనేవారి దగ్గర నగదు పుచ్చుకున్న సంస్థ తాను మాత్రం అరువు మీద పరుగెత్తింది. 2002లో ముంబయిలో పొవాయ్ దగ్గర మొదలైన డీమార్ట్ ఇందుకు తలకిందుల ఉదాహరణ. నెమ్మదిగా పెరిగింది, వీలైనంత వరకు స్థలం సొంతంగా కొన్నది, సరుకు ఇచ్చినవారికి త్వరగా డబ్బు చెల్లించి అందుకు బదులుగా ధర తగ్గించుకున్నది. రొక్కం విలువ తెలిసిన పాతకాలపు షావుకారు పద్ధతే అది.

మన దేశంలో తగ్గింపు అన్నది కంటికి కనిపించడానికి ఒక కారణం పొట్లం మీద అచ్చువేసే గరిష్ఠ చిల్లర ధర. పన్నులన్నీ కలిపి ఆ ఒక్క అంకె వేయాలన్న నియమం 1990లో వచ్చింది. వర్తకుడి అత్యాశకు అడ్డుకట్టగా వేసిన ఆ అంకె, క్రమంగా తగ్గింపు పక్కన పెట్టి చూపే కొలబద్ద అయింది. కొట్టివేసిన 120 పక్కన 96 చూస్తే మనసుకు కలిగే సుఖం వేరు. ఆ 120 ఎవరు నిర్ణయించారని మాత్రం మనం అడగం. తయారీదారే. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ కొట్టివేయవచ్చు. నేను మాత్రం గ్రాము లెక్క చూస్తాను. ఒక గ్రాముకో, కిలోకో ఎంత పడిందో పొట్లం మీద వేయాలన్న నియమం తరువాత అమలులోకి వచ్చింది. చీమ తలకాయంత అక్షరాలలో వేస్తారు గాని, వేస్తారు. రెండు సబ్బులు కొంటే ఒకటి ఉచితం అన్నచోట కళ్ళద్దాలు సవరించుకుని ఆ అంకె చదివితే, ఉచితమైనది ఏదో తేలిపోతుంది. పప్పు, బియ్యం, నూనె వంటి వాటిలో ఈ అంగళ్ళ తగ్గింపు చాలావరకు నిజమైనదే. ప్లాస్టిక్ డబ్బాలు, బిస్కట్ల వరుసల దగ్గర కల్లెన్ ఉత్తరం గుర్తుచేసుకోవడం మంచిది.

ఈ మధ్య మా పేటలో ఒక సంగతి గమనించాను. పెద్ద అంగడి తలుపులు తీసే వేళకు ముందు వరుసలో నిలబడేవారిలో చిన్న పచారీ కొట్లవాళ్ళు కొందరుంటారు. తమకు టోకు వర్తకుడు ఇచ్చే ధర కంటె అక్కడి తగ్గింపు ధర మెరుగైన రోజుల్లో నూనె ప్యాకెట్లు, చక్కెర, సబ్బులు స్కూటరు మీద వేసుకుపోతారు. ఆ నూనె ప్యాకెట్టే సాయంకాలానికి సందు చివర కొట్లో మూడు రూపాయలు ఎక్కువకు దొరుకుతుంది. అపార్టుమెంటు కాపలాదారు భార్య దానిని అక్కడే కొంటుంది. పెద్ద అంగడి ఆమెకు తెలియక కాదు, పావు మైలు దూరం కూడా లేదు. కానీ అక్కడి యంత్రం ముందు నిలబడి "పదో తారీఖుకు ఇస్తానన్నా" అని చెప్పడానికి వీలు లేదు. కొట్టు అబ్బాయి మాత్రం సెల్‌ఫోను తీసి, ఆమె పేరు వెతికి, 143 రూపాయలు పద్దు వ్రాసుకుంటాడు.